గెడ్డ మీది ఇంటి కిటికీ

నేను ఒక ఇనుప జాలీని. చాలాకాలం నన్ను కిటికీ అన్నారు గాని, నేను కిటికీగా పుట్టలేదు. విశాఖలో కొండ మీంచి సముద్రానికి పోయే వాగు జోగమ్మ గెడ్డ, పార్కు చివర రోడ్డు కిందికి దూరే చోట ఒక తూము ఉంది. దాని మూతికి అడ్డంగా నిలబడడానికి నన్ను చేశారు. వెల్డరు పని ముగించి నా ఊచల మధ్య చెయ్యి దూర్చి చూసుకున్నాడు. "పిల్లలు దూరరు, నీళ్లు దూరతాయి. సాలు," అన్నాడు. నా బతుక్కి అంత స్పష్టమైన ఆజ్ఞ మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

ఆ రోజుల్లో గెడ్డ నన్ను తోసుకుంటూ పోయేది. నీరు ఎలా ఉంటుందో నాకు ఒంటితో తెలుసు. చలికాలం దాని స్పర్శ వేరు, కొండ మీద వాన పడినప్పుడు వేరు. తర్వాత పైన అపార్టుమెంట్లు లేచాయి. వాటి మురుగు గొట్టాలు గెడ్డలోకి తిరిగాయి, కూల్చిన ఇళ్ల శిథిలాలు ట్రాక్టర్లలో వచ్చి పడ్డాయి. కంపు భరించలేక పార్కువాళ్లు అటువైపు గోడ కట్టారు. కనబడనిది లేనట్టే అనుకోవడం మనుషులకు గొప్ప సౌకర్యం. నీరు సన్నబడి, నల్లబడి, చివరికి నన్ను తాకడం మానేసింది.

అప్పుడు వచ్చాడు అప్పలకొండ. గెడ్డలో శిథిలాలు పోసిన ట్రాక్టర్లలో ఒకటి నడిపినవాడు. "నీళ్లే లేవు, ఇంక దీనికేటి పని?" అని గునపంతో నన్ను ఊడబెరికాడు. పార్కుకు ఎగువన, తాను పూడ్చిన చోటే, తాను పోసిన మట్టి మీదే ఇల్లు కట్టుకుని, వెనక గోడలో నన్ను కిటికీగా బిగించాడు. అతని భార్య సన్యాసమ్మ నా ఊచలకు దువ్వెన గుచ్చేది, తడిగుడ్డ ఆరేసేది. వాళ్ల కూతురు పైడితల్లి నన్ను పట్టుకునే నిలబడడం నేర్చుకుంది. ఇంతమంది చేతుల వెచ్చదనం తూము దగ్గర నేనెరగను.

పైడితల్లి పెళ్లయి నగరంలోనే వేరే పేటకు వెళ్లింది. అప్పలకొండ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సన్యాసమ్మ ఒంటరిదయింది. పని చేసుకుంటూ పైకే మాట్లాడుకోవడం ఆవిడకు అలవాటు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నా పక్కన కూచుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "అల్లుడు మంచోడే గాని, ఆడికి నోరు లేదు. నోరు లేనోడితో ఎలా ఏగతాదో గుంట," అంది కూతుర్ని తలుచుకుని.

"ఊఁ" అని వినబడింది, నేల కిందినుంచి.

పెద్ద చప్పుడు కాదు. కళ్లు మూసుకుని పడుకుని కథ వింటున్న ముసలివాళ్లు కొట్టే ఊఁ లాంటిది. గోడలో దిగిన నా కొసలు ముందు వణికాయి. సన్యాసమ్మ చేట దించి మంచం కిందికి చూసింది, తలుపు తీసి వీధిలోకి చూసింది. ఎండ తప్ప ఎవరూ లేరు. వచ్చి కూచుని, మెల్లగా, "పప్పు మాడిపోనాది," అంది.

"ఊఁ."

ఆవిడ ఆ సాయంత్రమే కూతురింటికి పోయింది. కొన్నాళ్లుండి, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చింది. ఎవరూ లేని చోట భయమేస్తుందంటారు మనుషులు, ఎవరో ఉన్న చోటికి మాత్రం తిరిగి వస్తారు. రానురాను ఆవిడ దానికి అన్నీ చెప్పసాగింది. అప్పలకొండ దగ్గిన దగ్గు గురించి, పుట్టి పోయిన కొడుకు గురించి, ఎవరికీ చెప్పనివి కూడా. నేను నీటిని ఎరుగుదును. నీరు గలగలమంటుంది, బుసకొడుతుంది. కాని మాట ముగిసేదాకా ఆగదు. ఇది ఆగేది.

ఈలోగా ఇల్లు మారుతోంది. మండుటెండల్లో గోడ చెమర్చేది. ఊడ్చిన నేల పగుళ్లలోంచి తెల్లారేసరికి సన్నటి ఇసుక పైకొచ్చేది, చల్లగా. బిందెలో నీళ్లు ఎవరూ కదపకుండానే వలయాలు కట్టేవి.

ఆ ఏడే హైమవతి వచ్చింది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. పార్కు గోడ కూలగొట్టించి, తోటివాళ్లను పోగేసి, గెడ్డను బాగుచేయడానికి పూనుకుంది. మురుగు గొట్టాలు మళ్లించారు, చెత్త మోశారు, వాలుల్లో వట్టివేరు నాటారు. కొండ మీద వాన నేలలో ఇంకడానికి అడ్డంగా రాతికట్టలు పేర్చారు. అయినా పార్కులో గెడ్డ ఎండే ఉంది. పైన దిగిన నీరు కింద తేలడం లేదు. అది ఎక్కడ ఆగిపోయిందో వెతుక్కుంటూ, మంచినీళ్లు అడగడానికి సన్యాసమ్మ గుమ్మం ఎక్కింది.

గ్లాసు అందుకుంటూ ఇసుక చూసింది. వంగి నేల మీద అరచెయ్యి ఆనించింది.

"సన్యాసమ్మగారూ, గెడ్డ మీ ఇంటి కిందే ఉందండీ. కింద శిథిలాల్లో ఇరుక్కుంది. వానలు పడేలోగా దారి ఇవ్వకపోతే మీ నేల దిగిపోతుంది. మీకు వేరే ఇల్లు ఇప్పించేదాకా నేను వదలను."

"నా మొగుడు కట్టిన ఇల్లమ్మా. తవ్వనివ్వను." నేల వైపు చూపించి, "అది నాకు ఊఁ కొడతాది, టీచరమ్మా," అంది సన్యాసమ్మ.

హైమవతి నవ్వలేదు. రాళ్ల సందుల్లో గాలి చిక్కుకుంటుందనీ, నీరు నెట్టినప్పుడు అది మూలుగుతుందనీ ఓపిగ్గా చెప్పింది. ఆవిడ చెప్పిన ప్రతి మాటకూ చివర నేల "ఊఁ" అంది. హైమవతి కావాలనే ఒక వాక్యాన్ని సగంలో ఆపింది. నేల కూడా ఆగింది. ఆ వాక్యం పూర్తి చేయకుండానే ఆవిడ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది.

ఆషాఢంలో కొండ మీద మబ్బులు దిగాయి. పేటలో ఇంకా చినుకు లేదు. సన్యాసమ్మ ఎంత మాట్లాడినా నేల పలకడం మానేసింది. గది మధ్య గచ్చు కడుపులా ఉబ్బింది. నా చట్రం ఒక పక్కకి ఒరిగింది.

"కోపమొచ్చినాదా?" అని అడిగిందావిడ.

"నానేటైనా తప్పుగా అన్నానా?"

ఆవిడ నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. చాలాసేపటికి, "ఎల్లిపోతావా?" అంది.

"ఊఁ."

మాట పూర్తవకముందే వచ్చింది ఆ జవాబు. అదివరకెప్పుడూ అలా తొందరపడలేదు.

సన్యాసమ్మ లేచి మొహం తుడుచుకుంది. గిన్నెలు, పెట్టె, మంచం ఒక్కొక్కటీ తెచ్చి వీధిలో పెట్టింది. హైమవతికి కబురు పంపింది. పైడితల్లి పరుగున వచ్చి, "నీకేటి మతిపోనాదా అమ్మా? ఎవులైనా ఉన్న ఇల్లు తవ్విచ్చీసుకుంటారా?" అని ఏడ్చింది.

"ఇల్లు మనదే. కిందున్నది మనది కాదే," అంది సన్యాసమ్మ.

ముందుగా నన్నే ఊడదీసి ఒడ్డున ఆనించారు. తర్వాత యంత్రం గోడలు పడగొట్టింది, గచ్చు పెళ్లగించింది. పగిలిన టైల్సు, సిమెంటు దిమ్మలు, ఎవరెవరి ఇళ్లవో రంగు గోడల ముక్కలు బయటపడ్డాయి. అన్నీ అప్పలకొండలాంటివాళ్లు పోసినవే. వాటి అడుగున ఒక బోలు కనబడగానే డ్రైవరు యంత్రం ఆపేశాడు.

ఒక మనిషి కూచునేంత చోటు. గోడలు చేత్తో నిమిరినంత నున్నగా ఉన్నాయి. అడుగున తడి ఇసుక. ఆ ఇసుకలో, ఎవరో చాలాకాలం కూచుని అప్పుడే లేచినట్టు, లోతుగా నొక్కుకుపోయిన గుర్తు. సన్యాసమ్మ దాన్ని చూసింది. డ్రైవరూ చూశాడు, చూపు తిప్పుకున్నాడు. అంతలోనే పైవైపు నుంచి నీరొచ్చింది. ముందు నల్లగా, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత తేటగా. బోలును నింపి, గుర్తును చెరిపి, పార్కు వైపు సాగింది. జనం ఫోన్లెత్తి నీటిని ఫొటోలు తీసుకున్నారు.

సన్యాసమ్మకు మెట్ట మీది కాలనీలో ఇల్లు వచ్చింది, ఆ మాట మీద హైమవతి నిలబడింది. నేను ఇంకా ఒడ్డునే, వంగిన చువ్వలతో పాటు తుక్కు కుప్పలో ఉన్నాను. తీసుకుపోయే బండి నేడో రేపో వస్తుంది. కొలిమి గురించి నాకు బెంగ లేదు. ఒకసారి వెళ్లొచ్చిన చోటే.

నిన్న సాయంత్రం సన్యాసమ్మ వచ్చి నా దగ్గర్లో రాయి మీద కూచుంది. నీటి వైపు తిరిగి ఏవో చెప్పింది. కూతురి సంగతి, కొత్త ఇంటి మెట్ల సంగతి. నీరు ఆవిడ మాటల మీంచే గలగలమంటూ పోయింది. మొక్కలు చూసుకుంటూ వచ్చిన హైమవతి పక్కన నిలబడింది.

"ఏమంటోంది?" అని మెల్లగా అడిగింది.

"ఏటీ అనదమ్మా. దానికి పనుంది, ఎల్లిపోతంది." సన్యాసమ్మ కొంగుతో కళ్లొత్తుకుని చాలాసేపు నీటినే చూసింది. ఎదుటి ఒడ్డున కొత్తగా తవ్విన మట్టి జారి ముద్దలుగా నీళ్లలో పడుతోంది.

"ఆ ఒడ్డు నిలవదు. అక్కడ గడ్డి నాటరా?" అని అడిగింది సన్యాసమ్మ.

"రేపు నాటుతామండీ."

"నానూ ఒస్తాను," అని ఆవిడ లేచి, చీకటి పడకముందే, నీళ్లకు ఎదురుగా ఒడ్డు వెంట పైకి నడిచింది.