ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది

వెదురు బొంగుల్లో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, ఒక్కొక్కటే పొయ్యి నిప్పుల మీద పెడుతున్నాను. మా ఆయన జగన్నాథరావు ఫోన్ పట్టుకుని వంటపాకలోకి వచ్చాడు.

"నువ్వే ఏటో నొక్కేసుంటావు!"

మా హోమ్‌స్టే వెబ్‌సైట్‌లో గదుల ఫొటోలు పోయి జూదం ప్రకటనలు వస్తున్నాయట. గదులు బుక్ చేసుకున్నవాళ్లందరికీ అప్పుడే చెప్పేశాడు: "మా ఆడదేనండి. కొండమనిషి, తెలీక ఏటో సేసీసింది."

నేను ఆ సైటు ముట్టుకున్నదే లేదు. ఒకసారి పాస్‌వర్డ్ అడిగితే, "నీకెందుకది, దుప్పట్లు ఉతుకు" అన్నాడు. అత్త తవిటమ్మ నవ్వింది. ఆయనది మైదానం. అరకులో గిరిజనులు కానివాళ్లు భూమి కొనకూడదు. అందుకని స్థలం నా పేరు మీద, సైటు నా పేరు మీద. నన్ను పెళ్లి చేసుకున్నదీ అందుకేనేమో, ఇన్నేళ్లలో అడగలేదు. బోర్డు మీదా, సైటులో పైకి కనిపించేదీ మాత్రం ఆయన పేరు. వండేది, ఊడ్చేది, టూరిస్టుల వాంతులు కడిగేది నేను. మంట దగ్గర కూర్చుని "అంతా నానే సూసుకుంతానండి" అని వాళ్లకి చెప్పేది ఆయన.

వైజాగ్‌లోని సర్వర్ కంపెనీ నుంచి ఉమామహేశ్వరి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టాడు, నేను తిట్లు వినాలని.

"ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదండీ. ఇది వార్మ్, వైరస్ లాంటిది. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న సర్వర్లను వెతుక్కుని తనే దూరుతుంది, అక్కడినుంచి ఇంకోదానికి పాకుతుంది. అప్‌డేట్ చేస్తామంటే మీరే కదా సర్, సీజన్లో సైటు ఆపొద్దన్నారు? ఇప్పుడు మీ సర్వర్ నుంచి వేరేవాళ్ల సైట్లకీ పాకింది. పోలీసులు ఓనర్‌ని అడగొచ్చు."

ఆయన వెంటనే అందుకున్నాడు. "ఓనరు నాను కాదండి. మా ఆడది కృపావతి. కాయితాలన్నీ దాని పేరునే ఉన్నాయి. నాకేటీ సంబంధం లేదు."

లాభాలొచ్చినప్పుడు ఈ మాట ఒక్కసారీ ఆయన నోట రాలేదు.

"సైటు శుభ్రం చేశాం సర్. అయితే ఓనర్ ఆవిడ కాబట్టి కొత్త పాస్‌వర్డ్ ఆవిడే పెట్టాలి. ఆవిడ నంబర్‌కి ఓటీపీ పంపుతున్నాను."

రోటి పక్కన నా ఫోన్ మోగింది. ఆయన చెయ్యి చాపాడు. "బేగి ఇలాగియ్యి."

పసుపు చేతులు కడుక్కున్నాను. తుడుచుకున్నాను. ఫోన్ నేనే తీసుకున్నాను.

"ఉమగారూ, నేను కృపావతిని. ఎక్కడ కొట్టాలో చెప్పండి. బోర్డు మీద పేరు మార్చాక సైటులో కూడా మారుద్దాం."

"ఒసే, ఏటే ఇది?"

"ఓనర్ని నానేనని నువ్వే సెప్పేవు గదా మావా. పొయ్యిమీద బొంగులు తిప్పు. మాడిపోతన్నాయి."