రెండో పొగ

గడ్డిమైదానాల్లో మందలతో తిరిగే మాలో గెర్ అంటే కర్రలూ, వాటిమీద కప్పిన ఉన్ని కంబళ్లూ. విప్పి బండికెత్తితే ఎక్కడికైనా పోతుంది. అయిల్ అంటే అందులో సాగే కాపురం. పొయ్యి వెలగాలి, గడపలోకి వచ్చినవాడికి ఇంటివాళ్లు ఉప్పుటీ అందించాలి, అప్పుడే అది అయిల్. ఈ తేడా దంజాన్ ముసలాయనకు తెలియక కాదు.

పోయిన వసంతంలో ఆయన కొడుకు గన్‌జోరిగ్ తప్పిపోయిన గుర్రాల కోసం వెళ్లి మంచుతుఫానులో చచ్చిపోయాడు. నలభైతొమ్మిది రోజుల మైల దాటాక కోడలు సెవెల్మా పుట్టింటికి వెళ్లింది. వాళ్ల గెర్ మాత్రం ముసలాయన గెర్ పక్కనే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే ఆయన అందులోకి వెళ్లి నాలుగు పిడకలు రాజేసి వస్తాడు. దూరాన్నుంచి చూసేవాళ్లకు రెండు పొగలు కనబడాలి, రెండు అయిల్ ఉన్నాయనుకోవాలి. కోడలు తిరిగొస్తుందని ఆయన ఆశ.

గడ్డి పసుపెక్కుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం లారీ వచ్చి ఆగింది.

"కుక్కను పట్టుకోండీ!"

ఏ గెర్ ముందుకొచ్చినా బయటివాళ్లు వేసే కేక అది. సొంతవాళ్లెవరూ అలా అరవరు. దంజాన్ బయటికొచ్చి చూస్తే కోడలు! కుక్క మొరగనైనా లేదు, ఆమె కాళ్లకు చుట్టుకుంటోంది.

"నీ కుక్కే కదమ్మా. ఎవర్ని పట్టుకోమంటావ్?"

సెవెల్మా ముఖం ఎర్రబడింది. "ఏదో... నోటికొచ్చేసింది మామయ్యా."

"నా గురించిలే బాబాయ్," అన్నాడు లారీ దిగిన ఆమె అన్న. "నన్ను చూస్తే దానికి మాంసం ముద్ద గుర్తొస్తుంది."

ముసలాయన నవ్వలేదు. సెవెల్మా పొగవైపు చూసింది.

"మా గెర్‌లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేనే రాజేస్తున్నా."

"ఎందుకు మామయ్యా?"

ఆయన చూపు ఆ పొగమీదికే పోయింది. ఆమె తల వంచుకుంది.

"అన్నా వదినల మధ్య ఎన్నాళ్లని పడుకోను? గెర్ తీసుకుపోదామని వచ్చా. అక్కడ విడిగా వేసుకుంటా."

నా కొడుకు గెర్ ఇక్కణ్ణుంచి కదలదు అందామనుకున్నాడు దంజాన్. కానీ చెవుల్లో ఆ కేకే మోగుతోంది. ఆమె ఆలోచించి వేసిన కేకైతే బతిమాలేవాడే; దానంతటదే నోటికొచ్చిన కేకను ఏమని బతిమాలతాడు?

"తీసుకుపో తల్లీ. నిప్పుమీద నీళ్లు మాత్రం పొయ్యొద్దు, పాపం తగుల్తుంది. ఆరేదాకా ఆగండి."

చలిగా ఉందని ఆ పొద్దున పిడకలు ఎక్కువే వేశాడు. ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. మంట తగ్గేసరికి సెవెల్మా చెయ్యి పిడకల బుట్టమీదికి పోయింది, అంతలోనే వెనక్కి వచ్చింది. బూడిద చల్లబడ్డాక దంజాన్ లేచి, కప్పు తాళ్లు తనే విప్పడం మొదలుపెట్టాడు.