కోరికపై బదిలీ

స్టేషన్లో అందరూ ఆయన్ని రైటరు గారనే పిలిచేవాళ్లు. ఉద్యోగం మాత్రం కానిస్టేబులే. ఫిర్యాదులు రాసుకోవడం, కేసు కాగితాలు సిద్ధం చేయడం ఆయన పని. చేతిరాత అచ్చు గుద్దినట్టుండేది.

హెడ్ కానిస్టేబుల్ ట్రైనింగుకి పంపేవాళ్ల జాబితా బోర్డు మీద పెట్టిన రోజు ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. అరవై పేర్లు. తన తర్వాత పదేళ్లకి చేరినవాళ్లవి కూడా ఉన్నాయి. తనది లేదు.

పై ఆఫీసులో గుమస్తా పాత ఫైలు తీశాడు. "మీరు కోరి బదిలీ చేయించుకుని వచ్చారు కదా రైటరు గారూ. కోరి వచ్చినవాళ్లు కొత్త జిల్లాలో అందరికంటే అడుక్కి పోతారు. వెనకటి సర్వీసు సీనియారిటీకి పనికిరాదు. డిపార్టుమెంటే పంపి ఉంటే ఆ ఇబ్బంది లేదు."

ఎనిమిదేళ్ల కిందటి మాట అది. భార్యకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ చేసే ఆసుపత్రి పక్క జిల్లాలోనే ఉంది. అప్పుడే ఆ జిల్లాలో మనుషులు చాలక, ఆయన పాత జిల్లా నుంచి ఇరవై మందిని పంపాలని డిపార్టుమెంటే అనుకుంది. అందులో ఆయన పేరూ ఉంది. అయితే పెద్దాఫీసరు పిలిచి, "ఆ ఫైలు కదిలేసరికి ఆర్నెల్లు పడుతుందయ్యా. నువ్వే కోరుకుంటున్నట్టు ఒక అర్జీ రాసిచ్చేయ్, వారంలో పంపించేస్తా" అన్నాడు. ఇంటి దగ్గర ఆమెకి ఊపిరాడటం లేదు. అక్కడే నిలబడి రాసిచ్చాడు.

ఆయన కోర్టుకెళ్లాడు. "ఎలాగూ పంపబోతున్న మనిషిని కోరి వచ్చాడనడం అన్యాయం" అన్నాడు లాయరు. తీర్పు వచ్చేదాకా ట్రైనింగుకి వెళ్లనివ్వమని, ఫలితం మాత్రం సీలు కవర్లో ఉంచమని కోర్టు చెప్పింది.

నలభై ఏడేళ్ల వయసులో, ముప్పై ఐదేళ్ల వాళ్లతో కలిసి పరుగెత్తాడు. మోకాళ్లు వాచిపోయేవి. వాళ్లు ఆయన్ని బాబాయ్ అని పిలిచి, చట్టం క్లాసు కాగానే చుట్టూ చేరి సెక్షన్లు చెప్పించుకునేవాళ్లు. ఆ ఐదు నెలలూ ఆమె వారానికి మూడుసార్లు ఒక్కతే బస్సెక్కి డయాలసిస్‌కి వెళ్లొచ్చింది. ఫోన్లో అడిగితే, "నాకేం, దర్జాగా పడుకుని వస్తున్నా. మీరు పరుగెత్తండి" అని నవ్వేది.

ట్రైనింగు అయ్యాక తోటివాళ్ల భుజాలకి పట్టీలొచ్చాయి. ఆయన పాత బల్ల దగ్గరికే వచ్చాడు.

కేసు నాలుగేళ్లు నడిచింది. వాయిదాలకి సెలవు పెట్టుకుని వెళ్లడం, సాయంత్రానికి తిరిగి రావడం. చివర్లో లాయరు, "ఆ ఆఫీసరు ఒక్క ముక్క రాసిస్తే గట్టెక్కుతాం" అన్నాడు. రిటైరైన ఆ పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

పెద్దాయన కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. అంతా విన్నాడు.

"నాకు గుర్తులేదయ్యా."

"సార్, మీ టేబుల్ మీదే రాశాను. పెన్ను కూడా మీరే ఇచ్చారు."

"ఇచ్చే ఉంటాను. ఎంతమందికో ఇచ్చాను." ఆయన గొంతులో కపటమేమీ లేదు. నిజంగానే గుర్తులేదు.

విచారణలో అవతలి లాయరు ఆ అర్జీ బయటికి తీశాడు. జడ్జి గారు చూసి, ఇది మీ పిటిషనరు రాతేనా అని అడిగారు. ఆయన తరఫు లాయరు వెనక్కి తిరిగి చూశాడు. రైటరు గారు తలూపాడు. కాదనడం ఆయనకి చేతకాలేదు.

వారం తర్వాత తీర్పొచ్చింది. జాలిపడదగ్గ విషయమేగానీ, రాసిచ్చిన కోరిక కోరికేనన్నారు. కేసు కొట్టేశారు. మధ్యంతర ఉత్తర్వు మీద చేసిన ట్రైనింగు చెల్లదన్నారు.

"మరి ఆ కవరు?" అని వరండాలో అడిగాడు ఆయన.

"ఇంక తెరవరండీ. అవసరం లేదుగా."

"పాసయ్యానో లేదో తెలుసుకుందామని."

లాయరు చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పాడు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. అంతా విని అడిగింది.

"ఆ అర్జీ ఇచ్చినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా?"

లేదని చెప్పాలని ఆయనకి తెలుసు. ఆ ముక్క నోట్లోకి వచ్చేలోపు రెండు మూడు క్షణాలు గడిచిపోయాయి.

"లేదు. అదేం మాట" అన్నాడు.

ఆమె తలూపి, లేచి వంటింట్లోకి వెళ్లింది.

మరుసటి నెలలో, ఆయన దగ్గర సెక్షన్లు చెప్పించుకున్నవాడే హెడ్డుగా ఆ స్టేషనుకొచ్చాడు. ఎదురుపడగానే, "వద్దు బాబాయ్" అన్నాడు. అయినా రైటరు గారు నిలబడి సెల్యూట్ చేశాడు.

ఇంట్లో మాత్రం ఒకటి మారింది. ఒంట్లో బాగోలేకపోతే ఆమె ఆయనకి చెప్పడం మానేసింది. కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా, ఆయన డ్యూటీకి వెళ్లేదాకా ఓర్చుకుని, అప్పుడు మెల్లగా గోడ పట్టుకుని పడుకునేది. ఆయనకి ఆ సంగతి తెలుసు. అడగడానికి మొహం చెల్లక, రోజూ పొద్దున్నే బూట్లు తొడుక్కుని వెళ్లిపోయేవాడు.