రెండింటికే రాత్రి

నేను ఒక నల్ల పరదాను. మఖమల్ బట్ట, వెనక రెండు పొరల లైనింగు. నా బరువు మోయలేక, కుట్టిన ఖాదర్ భాయి తిట్టిన తిట్లే ఈ లోకంలో నేను విన్న మొదటి మాటలు.

నా పని ఒక్కటే: మధ్యాహ్నం రెండింటికి రాత్రి చేయడం. సికింద్రాబాదులో ఒక హోటలు వాళ్ళు మేడమీది హాలుకు డిస్కో అని పేరు పెట్టారు. అసలు రాత్రి మగవాళ్ళ సొత్తు. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఆ రూలు మార్చే దమ్ము ఎవడికీ లేదు. సూర్యుణ్ణి కప్పెయ్యడమే తేలిక, అందుకని కిటికీలకు నన్ను వేలాడదీశారు. ఐదున్నరకు నన్ను పక్కకు లాగితే మాకు తెల్లారేది. పిల్లలు కళ్ళు చిట్లించుకుని, ముఖం మీది మెరుపు పొడి తుడుచుకుని బస్సులకు పరుగెత్తేవాళ్ళు.

వాళ్ళలో ఇద్దరు లాలాగూడ రైల్వే క్వార్టర్ల పిల్లలు, ఎస్తేరు, మంజుల. ఇంట్లో టైపు క్లాసని చెప్పి వచ్చేవాళ్ళు. ఒకరోజు మంజుల ఊపులో కాలు నాలో చిక్కుకుని, కడ్డీతో సహా నన్ను పీకి మీదేసుకుంది. హాలంతా ఎండ! చీకట్లో రాజుల్లా ఊగిన మొనగాళ్ళంతా మొటిమల కుర్రాళ్ళని అప్పుడు తెలిసింది. అందరూ సిగ్గుతో ఆగిపోయారు. మంజుల మాత్రం నన్ను కప్పుకునే ఆడింది.

హోటలు మూతపడ్డాక నన్ను ఒక టెంట్‌హౌస్ వాడు కొని, పెళ్ళిళ్ళలో వంటల చోట అడ్డం కట్టాడు. ఎంతమంది మర్యాదస్తులు చాటుగా నాకు చేతులు తుడుచుకున్నారో! చివరికి చిరుగుల కుప్పలోంచి నన్ను ఎస్తేరే ఏరుకుంది. గుర్తుపట్టి కాదు, గోడకు బరువైన బట్ట కావాలని. చర్చిలో కీబోర్డు వాయించే ఎస్తేరు యాభై మూడేళ్ళ వయసులో ఇంట్లో పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టింది. గది గింగురుమనకుండా శబ్దాన్ని మింగడం నా కొత్త ఉద్యోగం.

ఆమె కట్టిన పాట వింటే కాలు నిలవదు. మా దొంగరాత్రి గురించి, పరదా పీకిన పిల్ల గురించి. పల్లవి చివర నాలుగు దెబ్బలు పడేచోట ‘మంజులా’ అని పిలుపు. పాటలో పేరు పెట్టినందుకు ఒప్పుకోలు కావాలి కదా, మంజులకు కబురు పెట్టింది. మంజుల ఇప్పుడు ఆడపిల్లల బడికి హెడ్మాస్టరమ్మ. వచ్చి, పాటంతా విన్నది. చెప్పుల్లో ఆమె కాలివేళ్ళు ఆడాయి. నేను నేలదాకా ఉంటాను, చూశాను.

“నా పేరు తీసెయ్యే ఎస్తేరూ.”

“ఎందుకే? దొంగతనం చేసినవా?”

“బడి యానివర్సరీల డాన్సులు బందు పెట్టిందే నేను. రేపు పిల్లలు ఇది మా మేడమే అంటే ఏం మొహం పెట్టుకోవాలె?”

“ఉన్న మొహమే పెట్టుకో. సిగ్గులేనిదానా, నువ్వు డాన్సులు ఆపుడేందే?”

“తల్లిదండ్రులు కొట్లాటకొస్తరే! నాకేమన్న షౌకా?”

ఎస్తేరు పాటలోంచి పేరు చెరిపేసింది. నాకు ఒళ్ళు మండింది. అంత త్వరగా లొంగుతారా?

పాట మళ్ళీ మోగింది. ఆ నాలుగు దెబ్బల చోట ఎవరూ లేరు.

“బోసిగున్నది,” అంది మంజుల.

“పేరు పీకేస్తే బోసిగనే ఉంటది.”

“మైకు బందు చెయ్.”

“చేసిన.”

మంజుల నా దగ్గరకొచ్చింది. ముఖం నాకు ఆనించి, తన పేరు తానే పిలుచుకుంది. గొంతు చించుకుని, తాళం తప్పకుండా. ఎస్తేరుకు సగమే వినబడి ఉంటుంది. తర్వాత మంజుల చీర సర్దుకుని వెళ్ళిపోయింది.

పాట ఊళ్ళో తిరుగుతోంది. మొన్న ఆ బడి యానివర్సరీలోనూ వేశారట, మేడం ఆపలేదట. ఎస్తేరు ఫోనులో చెబుతుంటే విన్నాను. ఆ ఖాళీలో పిల్లలు ఎవరి పేరు వాళ్ళు అరిచారట.

అసలు పేరు నాలో ఉంది. మింగడం తప్ప తిరిగి పలకడం నాకు రాదు.