మిల్లు లైన్లో కూర్చునే పని

గోదావరి అనే రైతు వడ్లు తూకమై, సంచులకు కుట్లు పడి ఎనిమిది రోజులైంది. టేక్మాల్ కొనుగోలు కేంద్రానికి లారీ రాలేదు. పడమట మబ్బు పడుతోంది. తడిసిన సంచిని మిల్లువాళ్లు దించుకోరు. లారీ సంగతి అడగడానికి ఆమె పొద్దున్నే బస్సెక్కి మెదక్ వచ్చింది.

లారీల యజమాని ఇంద్రకరణ్ ఆమెను కూర్చోబెట్టి చాయ్ చెప్పాడు. దేశమంతా డ్రైవర్ల కరువేనని, ఫోన్లో కూడా అదే వార్త అని చూపించాడు. ఆవరణలో మూడు లారీలు దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయి.

"బండ్లున్నయక్కా. నడిపేటోడే లేడు" అన్నాడు.

గోదావరి బయటికొచ్చింది. ఎదురుగా చాయ్ కొట్టు బల్ల మీద అయిదుగురు కూర్చున్నారు. ఎక్సిలేటర్ తొక్కి తొక్కి అందరికీ కుడికాలి చెప్పే ఎక్కువ అరిగి ఉంది.

"మీరు డ్రైవర్లే గదా?" అని అడిగింది.

వాళ్లలో పేతురు అనేవాడు నవ్వి, అవునన్నాడు. ఎందుకు ఖాళీగా ఉన్నారంటే మెల్లగా చెప్పుకొచ్చాడు. టేక్మాల్ నుంచి మిల్లు దాకా తోలడం ఎంతసేపు. మిల్లు ముందు లైను మూడు రోజులు. ముందు బండి కదిలినప్పుడల్లా మన బండి కదలాలి. లేకుంటే వెనకవాడు దూరిపోతాడు. సీటు వదిలేది లేదు. ఇల్లు కూతవేటు దూరంలో ఉన్నా స్నానానికి పోయేది లేదు. తను రెండు ఆదివారాలు చర్చికి పోలేదు. అందుకే అందరూ బండెక్కడం మానేశారు.

"మా పెండ్లిరోజు గూడ నా పెండ్లాం పెర్సిస్ బండి అద్దంలకెల్లే అన్నం డబ్బా అందిచ్చిందక్కా" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఇది వాళ్లకు పాత ముచ్చటే.

గోదావరి పేతురును వెంటబెట్టుకుని మళ్లీ లోపలికి నడిచింది. అంతా విని ఇంద్రకరణ్ తేలిగ్గా తీసిపారేశాడు.

"కూసునుడే గదా. అదేం కష్టం?"

"గట్లైతే నువ్వే పోయి కూసో తమ్మీ. లైసెన్స్ ఉన్నది గదా నీకు."

మిగతా నలుగురూ గేటు దగ్గరికి వచ్చి చూస్తున్నారు. పేతురు చెయ్యి చాపాడు.

"లైన్ల నువ్వు కూసుంటనంటే, బండి తాళం చెయ్యి ఇప్పుడే ఇయ్యి సేటూ."

అంతమంది ముందు కాదనలేక ఇంద్రకరణ్ తాళంచెవి తీసి ఇచ్చాడు. సాయంత్రానికి పేతురు టేక్మాల్‌లో సంచులెత్తించుకొచ్చి, మిల్లు దగ్గర ఇంద్రకరణ్‌కు సీటు అప్పగించి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున ఇంద్రకరణ్ మూత్రానికని చెట్టు చాటుకు పోయి వచ్చేసరికి నాలుగు లారీలు ముందుకు దూరాయి. వాళ్లను తిట్టాడు, ఎవరూ దిగలేదు. మధ్యాహ్నానికి సీటు పెనంలా కాలింది. అప్పుడు పెర్సిస్ వచ్చి అద్దంలోంచి అన్నం డబ్బా అందించింది.

"మా ఆయన పంపిండు సార్. మీరు దిగకుండ్రి, లైను వోతది."

ఆ డబ్బా ఒళ్లో పెట్టుకునే తిన్నాడు. సగంలో బండి కదపాల్సి వచ్చి పప్పు చొక్కా మీద పడింది.

మూడో రోజు మధ్యాహ్నం గోదావరికి ఫోన్ చేశాడు. అప్పటికే టేక్మాల్‌లో చినుకులు మొదలయ్యాయి.

"నీ వడ్లు మిల్లు లోపట వడ్డయక్కా. ఒక్క సంచి గూడ తడవలే."

గోదావరి వెంటనే కేంద్రంలో ఇంకా వడ్లు ఉన్నవాళ్ల సంగతి అడిగింది. రేపు మూడు బండ్లూ వస్తాయన్నాడు. తోలడం మానేసి ఇంట్లో ఉంటున్న ముసలి డ్రైవరు జయానందాన్ని జీతానికి మాట్లాడుకున్నాడట. ఇంకొకరితో వంతులేసుకుని లైన్లో బండ్లు కదపడమే ఆయన పని. సరుకు తెచ్చినవాడు తాళంచెవి ఇచ్చి ఇంటికి పోవచ్చు.

ఫోన్లో పక్కనుంచి పేతురు గొంతు వినపడింది. ఏమంటున్నాడని అడిగింది గోదావరి.

"ఆదివారం చర్చికి వోతడట, పొమ్మన్న. అక్కడికెల్లి ఇంకో ముగ్గురు డ్రైవర్లను దోల్కొస్తడట. ఉన్నోళ్లే అయిదుగురు, నాకున్నయి మూడే బండ్లు గదక్కా, అందరిని యాడ కూసోవెట్టాలె?"