పొత్తిగుడ్డలు

“ఘాటెక్కువగా ఉంది, ముక్కుకు కట్టుకో” అంటూ చాంద్‌బీ ఒక గుడ్డ విసిరింది. దొడ్లో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీస్తున్న కోడలు సఫూరా దాన్ని అందుకోగానే గుర్తుపట్టింది. పుట్టబోయే బిడ్డ కోసమని తన పాత నూలు చీర చింపి, ఉతికి, మడిచి పెట్టుకున్న పొత్తిగుడ్డ అది. మిగతావన్నీ అప్పటికే కూలికొచ్చిన ఆడవాళ్ల మొహాలకు ఉన్నాయి.

ఇవెందుకు తీశావని అత్తని అడిగితే “ఇంకెవరికే అవి?” అంటుందని తెలుసు.

బ్రాడీపేటలో స్కానింగు తీయించిన రోజు నుంచీ ఇంట్లో బిడ్డ మాటెత్తడం మానేశారు. కడుపులో ఉండగానే బిడ్డ మెదడులో రక్తం కారిందని డాక్టరమ్మ చెప్పింది, అదీ సఫూరాతో కాదు, మొగుడు కలీంతో. “ఇందులో ఎవరి తప్పూ లేదు, మళ్లీ స్కాన్ చేసి చూద్దాం” అని కూడా అంది. తప్పు లేదన్న ముక్క మాత్రం ఇంటిదాకా రాలేదు. మొన్నటిదాకా “కూర్చుంటే కాన్పు కష్టమవుద్ది, వంగి పనిచెయ్యి” అన్న అత్తే, “వంగొద్దంటే విన్నావా?” అని నిలదీసింది. కలీమేమో “ఆశ పెట్టుకోకు, ఇంకోసారి చూసుకుందాం” అన్నాడు, పంట పోయినప్పుడు అన్నట్టే. ఇంకోసారి ఎవరొస్తారు? మరి ఇప్పుడు లోపల కదులుతున్నది ఎవరు? పొట్ట తడుముకుందామంటే చేతుల నిండా కారం. కడుక్కుని వచ్చేలోపు ఇంకో పనికి కేక. ఒక్క పూట, ఎవరూ పిలవకుండా, ఆ బిడ్డతో తీరిగ్గా మాట్లాడుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

మర్నాడు రెండో స్కానింగు. ఆడో మగో తెలియకూడదని తెర ఎప్పటిలాగే అటు తిప్పి ఉంది. చూడటం అయ్యాక డాక్టరమ్మ కలీం వైపు తిరిగింది.

“నాకు చెప్పండి మేడమ్” అంది సఫూరా. “తెర కాస్త ఇటు తిప్పండి. తల చూపిస్తే చాలు.”

తిప్పింది. రక్తం పెరగలేదంది. పుట్టాక ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే చెప్పలేనంది. సఫూరా అంతా విన్నది. కళ్లు మాత్రం బుగ్గ పక్కన ముడుచుకున్న పిడికిలి మీదే ఉన్నాయి.

ఇంటికి రాగానే కూలివాళ్ల దగ్గర గుడ్డలన్నీ అడిగి తీసుకుని సబ్బు పెట్టింది.

“ఏం తేలిందని ఉతుకుతున్నావే?” అంది చాంద్‌బీ.

“ఏం తేలినా బిడ్డకి గుడ్డలు కావాలత్తా.”

ఉతికి, జాడించి, ఒకదాన్ని తన కంటిరెప్పకు ఆనించి చూసుకుంది. మండింది. మళ్లీ నీళ్లలో ముంచింది.