వెనక వసారాలో ఓవెన్

గ్యాస్ వాసన మొదట పసిగట్టింది మాన్య. పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరుతూ, చెప్పుల కోసం వెనక వసారాలోకి వెళ్ళింది. వెళ్ళినదల్లా అక్కడే ఆగిపోయి, సిలిండర్ మీది రెగ్యులేటర్ బంద్ చేసి అత్తగారిని పిలిచింది.

"అత్తమ్మా, మళ్ల లీకైతుంది. ఈసారి నేను ఊకోను. ఇది తీసేద్దాం."

అహల్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మాదన్నపేటలోని ఆ ఇంట్లో ఆ కుకింగ్ రేంజ్ మాన్య పుట్టకముందు నుంచీ ఉంది. పైన నాలుగు బర్నర్లు, కింద ఓవెన్, అంతా కలిసి ఒకే బరువైన ఇనుప పెట్టె. దాని తెల్లటి పూత అంచుల్లో పెచ్చులుగా లేచిపోయింది. ఓవెన్ తలుపు సరిగా పడక, పిడికి గుడ్డపీలిక కట్టి ఉంది.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చి కింద పడుకుని టార్చి వేసి చూశాడు.

"అడుగంత తుప్పు పట్టిందమ్మా. లోపలి పైపు పగిలింది. గిసొంటి దానికి ఇప్పుడు సామాన్ దొరకది. అతుకేయమంటే వేస్త గని, మా ఇంట్ల అయితే పెట్టుకోను."

అహల్య అతుకు వేయమనలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట వచ్చింది. మాన్య ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నల్ల గాజు పొయ్యి, దాని పైన గోడకు చిన్న మైక్రోవేవ్. తుడుచుకోవడం తేలిక, జాగా కలిసొస్తుంది. అహల్య కొడుకు సంకేత్ బాగుందన్నాడు.

"ఓవెన్ ఉన్నదే కావాలె," అంది అహల్య. "కింద ఓవెన్ ఉండాలె. గ్యాస్ మీద నడవాలె."

ముగ్గురూ తలెత్తి చూశారు. ఆ ఓవెన్‌ను ఎవరూ వెలిగించక ఏళ్ళయింది. అందులో పాత పెనాలు, ఇడ్లీ ప్లేట్లు ఉంటున్నాయి. పైగా అహల్య ఇంట్లో ఒక వస్తువు గురించి 'కావాలె' అనడం వాళ్ళకు కొత్త. చీర దగ్గర నుంచి సోఫా దాకా, మీ ఇష్టం అనే మనిషి.

భర్త సుబ్రహ్మణ్యం మజ్జిగ పోసుకుంటూ, "సరే, చూద్దాం. ఎవర్ని తోడు తీస్కపోతవ్?" అన్నాడు.

"సలీమాను."

*

ఆ రేంజ్ వాళ్ళింటికి వచ్చిన రోజు అహల్యకు బాగా గుర్తు. పెళ్ళై కాపురానికొచ్చిన కొత్త. సుబ్రహ్మణ్యం అప్పుడు కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు సామాను అమ్ముతుంటే దీన్ని కొని, ట్రాలీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. గడపలో నిలబడి చూసిన అత్తగారు నీలమ్మ, "గిదేందిరా, బీరువానా?" అని అడిగింది.

నీలమ్మ భర్త రామలింగయ్య గల్లీ చివరి గుళ్ళో అర్చకుడు. దేవుడి నైవేద్యం ఇంట్లోనే, మడితో వండేవారు. పరాయి ఇంట్లో ఏం వండారో తెలియని పొయ్యి వంటింట్లోకి రావడానికి వీల్లేదని ఆమె తేల్చి చెప్పింది. అలా అది వెనక వసారాలో ఉండిపోయింది. నీళ్ళు కాచుకోవడానికి, పాలు పొంగించడానికి పై బర్నర్లు వాడింది. కింది ఓవెన్ ఎందుకో ఆమెకు తెలియలేదు. ఎలుకలు దూరవు కదా అని అందులో వడియాల డబ్బా దాచింది.

పక్కింటికి సలీమా కోడలిగా వచ్చింది ఆ చలికాలమే. భర్త దస్తగీర్‌కు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం. రెండిళ్ళ పెరళ్ళకు మధ్య నడుమెత్తు గోడ. ఒకరోజు బట్టలు ఆరేస్తూ సలీమా గోడ మీదుగా తొంగి చూసింది. అప్పుడే నీలమ్మ ఓవెన్ తలుపు తీసి వడియాలు తీస్తోంది. సలీమాకు నవ్వాగలేదు.

"అమ్మా, అది పిండివంటలు కాల్చేది. మా అమ్మోళ్ళ ఇంటి పక్క బేకరీల గిసొంటిదే పెద్దది ఉంటుండె. మేము ఇంట్ల నాన్ ఖతాయీ బిస్కెట్లు చేసి, పళ్ళెంల పెట్టి ఆడికి పంపి కాల్పిస్తుంటిమి."

నీలమ్మ ఆమెను కాసేపు ఎగాదిగా చూసింది. "గుడ్డు వేస్తరా అందుల?"

"లేదమ్మా. మైదా, నెయ్యి, చక్కెర, ఇలాచీ. అంతే."

నీలమ్మ రెండు రోజులు ఆలోచించి, వడియాల డబ్బా తీసేసింది. "పైన పొయ్యి నాది. కింది పెట్టె నువ్వు వాడుకో. గుడ్డు మాత్రం రానియ్యకు," అంది సలీమాతో. ఆ తర్వాత కోడలి వైపు తిరిగి, "నువ్వు ముట్టకు. మళ్ల నైవేద్యం దగ్గరికి రావాలె నువ్వు," అంది.

అప్పటి నుంచి వారానికోసారి సలీమా పెరటి గేటు తీసుకుని వచ్చేది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వెడల్పాటి పళ్ళెంలో నెయ్యి, చక్కెర వేసి అరచేత్తో రుద్దేది. పసుపురంగు నెయ్యి మెల్లగా తెల్లబడి నురుగులా పొంగేది. అహల్య వంటింటి గడప మీద కూర్చుని చూసేది. సలీమా ఎంత చక్కెర పోస్తుందో, పిండి ఎప్పుడు కలుపుతుందో, ఓవెన్‌లో మంట ఎంత తగ్గిస్తుందో అన్నీ చూసేది. కబుర్లు చెప్పేది. అగ్గిపెట్టె కావాలంటే గడప ఇవతలి నుంచి విసిరేది. కాలుతున్నప్పుడు వచ్చే ఇలాచీ వాసన ఇల్లంతా నిండి, పూజగది దాకా వెళ్ళేది. రామలింగయ్య జపం చేసుకుంటూ దగ్గేవాడు.

నీలమ్మ మొదట్లో తినలేదు. గల్లీ పిల్లలకు పెట్టనిచ్చింది. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టిందో ఎవరూ చూడలేదు కానీ, డబ్బాలో ఖతాయీలు లెక్కకు తక్కువ రావడం అహల్య గమనించింది.

గొడవలై కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో బేకరీలు మూతపడ్డాయి, పాలబండి రాలేదు. ఇంట్లో ఉన్న గోధుమపిండితో సలీమా ఓవెన్‌లో రొట్టెలు కాల్చింది. గల్లీలో పిల్లలున్న ఇళ్ళన్నిటికీ గోడల మీదుగా అవి చేతులు మారాయి. అందించింది నీలమ్మ. ఏ ఇల్లు, ఎవరిల్లు అని అడగలేదు. ఆ పనంతా అయ్యాక పెరట్లో తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం వెలిగించింది.

కాలం గడిచింది. రామలింగయ్య, ఆ వెనకే నీలమ్మ వెళ్ళిపోయారు. దస్తగీర్ గుండెజబ్బుతో పోయాక సలీమా పక్కిల్లు అమ్మి, చాంద్రాయణగుట్టలో కొడుకు దగ్గరికి మారింది. ముట్టుకోవద్దనే వాళ్ళెవరూ ఇంట్లో మిగల్లేదు. అయినా ఓవెన్ తలుపు తీసినప్పుడల్లా అది సలీమాదే అనిపించేది అహల్యకు. అందుకే దాన్ని వెలిగించకుండా, అందులో పెనాలు సర్దింది.

*

శనివారం మాన్య కారు తీసింది. దారిలో సలీమాను ఎక్కించుకున్నారు. ఆమె చేతిలో గుడ్డసంచీ, అందులో ఒక అల్యూమినియం పళ్ళెం.

"గిదెందుకే?" అంది అహల్య.

"ఓవెన్‌ల పడుతదో లేదో చూడొద్దా భాభీ? దుకాణపోళ్ళు ఇచ్చే పళ్ళేలు పలచగ ఉంటయి. అడుగు మాడుతది."

చంపాపేట దారిలో ఉన్న ఆ దుకాణం పెద్దది. రిజ్వాన్ అనే యువకుడు సామాను చూపించాడు. ముందుగా గాజు తలుపుతో, లోపల దీపంతో, వేలు తగిలిస్తే అంకెలు వెలిగే రేంజ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని పైన గ్యాస్, కింద కరెంటు.

"కరెంటు పోతే?" అంది సలీమా.

"ఇప్పుడు కరెంటు ఎక్కడ పోతుంది ఖాలా?"

"మా బిల్డింగ్‌కు రా, చూపిస్త."

అహల్య దాన్ని దాటి ముందుకు నడిచింది. ఒక్కో రేంజ్ దగ్గర ఆగి, బర్నర్ల మీది జాలీ చేత్తో ఎత్తి బరువు చూసింది. ఓవెన్ తలుపు సగం తెరిచి వదిలింది. కొన్ని తలుపులు ధబ్‌మని కిందికి పడ్డాయి. గోడవారగా ఉన్న ఒకటి మాత్రం వదిలిన చోటే నిలిచింది. సాదా స్టీలుది, గాజు తక్కువ, దీపాల హంగు లేదు. పైనా కిందా గ్యాసే.

"మంట ఆరిపోతే గ్యాస్ వస్తనే ఉంటదా?" అని అడిగింది.

"లేదమ్మా. గాలికి ఆరిపోయినా గ్యాస్ దానంతట అదే బంద్ అవుతది. ఓవెన్ల కూడ అంతే."

"రేపు ఏదన్న పాడైతే సామాన్ ఈడ దొరుకుతదా?"

రిజ్వాన్ కాస్త ఆగి నిజం చెప్పాడు. "మీరు మొదలు చూసినదానికి బయటి నుంచి రావాలె, మస్తు టైం పడుతది. దీనిది ఇక్కడనే దొరుకుతది. సర్వీసు వాళ్ళు గూడ దగ్గరనే."

మాన్య అత్తగారిని మెచ్చుకోలుగా చూసింది. సలీమా తెచ్చిన పళ్ళెం ఓవెన్‌లో పెడితే చక్కగా పట్టింది, చుట్టూ గాలి తిరగడానికి చోటు కూడా మిగిలింది. ఇక తీసుకోవడమే అనుకుంటుండగా సలీమా పళ్ళెం బయటికి లాగి, అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"వద్దు భాభీ. మీ కోడలు చెప్పిన పొయ్యే తీస్కో."

"ఏమైంది?"

సలీమా తన చేతులు చాచి చూపించింది. వేళ్ళ కణుపులు ఉబ్బి, చూపుడువేళ్ళు పక్కకు వంగి ఉన్నాయి. "ఇవ్వి రుద్దుతయా? చాయ్ గిలాస పట్టుకునుడే కష్టమైతుంది. ఆయన పోయినంక నేను ఒక్కసారి గూడ చెయ్యలే. ఖతాయీ కావాలంటే బేకరీల కొంటున్నం. నా యాదికి గింత పెద్ద డబ్బా ఎందుకు? ఊకె ఇంట్ల జాగా పోతది."

అహల్య ఆమె ఎదురుగా నిలబడింది. మెల్లగా అంది.

"నీ కోసం కాదు సలీమా. నా కోసం."

సలీమాకు అర్థం కాలేదు.

"అన్నేండ్లు నువ్వు చేస్తుంటె నేను గడప మీద కూసొని చూసిన. ఒక్కసారన్న ఆ పిండిల చెయ్యి పెట్టాలని ఉండె. అత్తమ్మ ముట్టొద్దన్నది, నేను ముట్టలే. పై పొయ్యి ఆమెది, కిందిది నీది. నాకు దాంట్ల ఏమున్నది? ఎన్నిసార్లు కలల పిండి పిసికిననో నీకేమెర్క."

దుకాణంలో ఇంకెవరో మిక్సీ వేసి చూస్తున్నారు.

"గీ ముచ్చట అప్పుడే చెప్పొద్దా?" అంది సలీమా. గొంతులో కోపం ఉంది. "అమ్మ గుడికి పోయినప్పుడు చేపిస్తుంటి గద. ఎవ్వరు చూస్తరు?"

"నాకు తెలుస్తది కద."

సలీమా స్టూలు మీద నుంచి లేవడానికి అహల్య చేయి పట్టుకుంది. లేచి నిలబడి రిజ్వాన్‌తో, "ఇంటికి ఎప్పుడు పంపుతవ్ బేటా?" అంది.

మాన్య అత్తగారి వైపే చూస్తోంది. పాత సామాను మీద మమకారంతో పట్టుబడుతోందనుకుంది ఇన్నాళ్ళూ. కారులో కూర్చున్నాక, "నాకు ముందే చెప్తే ఆ గాజు పొయ్యి మాట ఎత్తకపోతుంటి అత్తమ్మా," అంది. అహల్య నవ్వింది.

*

కొత్త రేంజ్‌ను ఈసారి వంటింట్లోనే పెట్టించారు. వసారాలోని పాతదాన్ని తీసుకెళ్ళడానికి మనుషులు వచ్చినప్పుడు సుబ్రహ్మణ్యం గేటు దాకా వెనకే వెళ్ళాడు. ట్రాలీ గల్లీ మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి పేపరు చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

ఆదివారం సలీమా వచ్చింది. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. అహల్య పళ్ళెం ముందు పెట్టుకుని నేల మీద కూర్చుంది. నెయ్యి, చక్కెర వేసి చేయి పెట్టింది. చక్కెర అరచేతికి గరగరా తగిలింది. తాను ఊహించుకున్నంత మెత్తగా లేదు.

"ఇంక రుద్దు," అంది సలీమా. "అప్పుడే ఆగుడేంది? తెల్లగ కావాలె."

"చెయ్యి గుంజుతుంది."

"నాకు గుంజలేదా? నువ్వు ముచ్చట్లు చెప్పుకుంట కూసుంటివి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నీలమ్మ దొంగచాటుగా ఖతాయీలు తినడం, దస్తగీర్ ఒకసారి ఉప్పును చక్కెర అనుకుని డబ్బాలో పోయడం, కర్ఫ్యూనాటి రొట్టెలు అన్నీ ఆ పళ్ళెం చుట్టూ మళ్ళీ వచ్చాయి. పాత రేంజ్‌ లోపలి మంట ఎటువైపు ఎక్కువో, పళ్ళెం ఎప్పుడు తిప్పాలో సలీమా చేతులకు తెలుసు. ఈ కొత్తది ఇద్దరికీ కొత్తే. మొదటి వాయి తొందరపడి తలుపు తీయడంతో అణిగిపోయి అప్పడాల్లా తయారైంది. రెండోది అడుగు మాడింది. మూడోసారికి పైన సన్నటి పగుళ్ళు వచ్చాయి. సలీమా ఒకటి విరిచి, లోపల చూసి, వాసన చూసి, "పర్వాలేదు" అంది. సుబ్రహ్మణ్యం మాత్రం మాడినవి, మాడనివి తేడా లేకుండా తింటూ కూర్చున్నాడు. మిగిలినవి మాన్య ఆఫీసుకు తీసుకెళ్ళింది.

తర్వాతి వారాల్లో మోకాళ్ళ నొప్పితో సలీమా రాలేకపోయింది. అహల్య ఒక్కతే చేసుకుంది. ఓవెన్ వెనక మూల వేడెక్కువని, పళ్ళెం కొంచెం ముందుకు జరపాలని కనిపెట్టింది. ఒక మధ్యాహ్నం మైదా డబ్బా నిండుకుంది. జొన్నపిండి కనిపిస్తే అందులోనే వేయించిన నువ్వులు, బెల్లం తురుము, నెయ్యి కలిపి చిన్న బిళ్ళలు చేసి కాల్చి చూసింది. బయటికి తీసినప్పుడు గోధుమరంగులో, అంచులు కొంచెం గట్టిగా ఉన్నాయి. చల్లారాక స్టీలు డబ్బాలో సర్ది, ఆటోలో చాంద్రాయణగుట్ట వెళ్ళింది.

సలీమా మంచం మీద దిండుకు ఆనుకుని ఉంది. ఒక బిళ్ళ తీసుకుని కొరికింది. గట్టిగా తగిలేసరికి చాయ్‌లో ముంచి మళ్ళీ కొరికింది. నమలుతూ ఆలోచించింది.

"ఇది నేను నేర్పలే."

"లేదు."

"ఎవరు నేర్పిండ్రు?"

"ఎవ్వరు లేరు. మైదా అయిపోయింది, ఉన్నదాంతోటి చేసిన."

సలీమా ఇంకొకటి తీసుకుంది. "నెయ్యి కొంచెం ఎక్కువ వెయ్యాలె. లేకుంటే మా అసొంటి పండ్లు లేనోళ్ళు ఏం తింటరు?" అంది. తర్వాత లోపలికి కేకేసి, కోడలు మరియంను డబ్బా ఖాళీ చేసి ఇమ్మంది. ఉత్త డబ్బా తిరిగి ఇవ్వకూడదని మరియం అందులో కొన్ని ఖర్జూరాలు వేసి తెచ్చింది. అహల్య ఇంకాసేపు కూర్చుని, ఈసారి నెయ్యి ఎంత పోయాలో సలీమాతో మాట్లాడి, పొద్దుగూకకముందే ఆటో ఎక్కింది.